గర్భము నిలుచు తావు

(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము అల్లూరులో చేసిన ఉపన్యాసము)



భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను విద్య గడించి, 1923లో సముద్రములు దాటి బోస్టను నగరము చేరి, మరల మాతృభూమిని చూచు భాగ్యము లేకయే 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించు సభలలో, ఆయన లోకమునకిచ్చిన ఔషధములను గూర్చియు, ఆయనకు దక్కని గౌరవమును గూర్చియు ప్రసంగించుట ఆచారమైనది. నేనీ సాయంకాలము వేరొక త్రోవను పోదలచితిని. గర్భాశయమునకు వెలుపల నిలిచిన గర్భముచే ప్రాణాపాయమున పడనున్న యువతికి, కడుపు కోయకయే, నాళమును తీసివేయకయే స్వస్థత చేకూర్చు సూదిమందొకటి నేడు కలదు. ఆ మందు సుబ్బారావుగారు నడపిన పరిశోధనాలయమున పుట్టినదే. సంతానము కోరి చికిత్స పొందు స్త్రీలు ప్రతిదినము మ్రింగు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు అచటి కృషిఫలమే. ఈ రెండింటి కథను, ఆ కథ వెనుకనున్న స్త్రీదుఃఖమును, ఆసుపత్రికి చేరుట కొంత ప్రయాణముతో కూడిన ఇట్టి తీరసీమలోనే చెప్పవలెనని నాకు తోచినది.

ఇంట కోడలు నెల తప్పినదని తెలిసినంతనే మనమడుగు ప్రశ్నలు మీకు తెలియనివి కావు. ఎన్నవ నెల, కాన్పెప్పుడు, పుట్టింటికెప్పుడు పంపుదురు అని యడుగుదుము. వీనికన్నిటికిని ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: గర్భము ఎక్కడ నిలిచినది? పెండ్లియైన రెండవ మాసముననే గర్భవతియైన పడుచు విషయమునను, పదేండ్లు ఎదురుచూచి లక్షల రూపాయలు వ్యయపరచి నగరపు సంతాన సాఫల్య కేంద్రమున శుభవార్త విన్న ఇల్లాలి విషయమునను ఈ ప్రశ్న సమానముగా వర్తించును. నేను చెప్పదలచినదంతయు ఈ యొక్క ప్రశ్న చుట్టును తిరుగును.

గర్భాశయమునకు ఇరువైపుల, పది పండ్రెండు సెంటీమీటర్ల పొడవున, రెండు సన్నని నాళములు కలవు. ఇటలీ దేశీయుడైన గాబ్రియేలె ఫాలోపియో 1561లో ప్రకటించిన శరీరశాస్త్రగ్రంథమున వీనిని చక్కగా వర్ణించుటచే ఫాలోపియన్ నాళములని పేరు వచ్చినది. ఆసుపత్రులలో మాత్రము వైద్యులును రోగులును ట్యూబులనియే అందురు. అండాశయమునుండి వెలువడిన అండమును నాళముఖమందలి మృదువైన అంచులు అందుకొనును. పురుషబీజముతో సంయోగము గర్భాశయమున గాక ఈ నాళమునందే జరుగును. పిదప పిండము, నాళపు లోపొరయందలి సూక్ష్మరోమముల కదలికచేతను కండరముల సంకోచముచేతను మెల్లమెల్లగా ముందునకు నడుపబడి, మూడు నాలుగు దినములలో గర్భాశయము చేరి, ఆరేడు దినములకు దాని గోడను నాటుకొనును. ఈ త్రోవ చెడినచో పిండము నడుమనే నిలిచిపోవును. పూడిక పడిన పిల్లకాలువలో నీరు మడిని చేరక నడుమనే నిలిచి తుదకు గట్టు తెంచుకొనుట ఈ సీమ రైతులు ఎరుగనిది కాదు. పెరుగుచున్న పిండము నిలిచిన నాళమునకు పట్టు గతియు అట్టిదే. గర్భాశయము బిడ్డతోపాటు విస్తరించుటకు తగిన కండరములు కలది. నాళమునకట్టి శక్తి లేదు.

నూరు గర్భములలో ఒకటి రెండు ఇట్లు తావు తప్పును. అట్టివానిలో నూటికి తొంబదికి పైగా నాళమునందే నిలుచును. అరుదుగా అండాశయమునను, గర్భాశయముఖమునను, మునుపటి సిజేరియన్ మచ్చయందును, ఉదరకుహరమునను నిలుచుటయు కలదు. నాళము చెడుటకు కారణములు పెక్కు: క్లమీడియా, గనేరియా మొదలగు సంపర్కజవ్యాధులు, అపరిశుభ్రమైన గర్భస్రావముల వెనుక వచ్చు చీము, ఉదరమున పూర్వము జరిగిన శస్త్రచికిత్సలు, ధూమపానము. మన దేశమున మరియొక ప్రబలకారణము క్షయ; ఊపిరితిత్తుల క్షయను గూర్చి అందరికిని తెలిసియున్నను, అది జననేంద్రియములకు సోకినప్పుడు మొట్టమొదట చెడగొట్టునది ఈ నాళములనే యనియు, దగ్గు లేకయే, జ్వరమైనను పొడసూపకయే సంతానహీనతకు దారితీయుననియు ఎరిగినవారు తక్కువ. అయినను ఇట్టి గర్భము నిలిచిన స్త్రీలలో దాదాపు సగము మందికి ముందుగా చెప్పదగిన కారణమేదియు కానరాదు. కావున ఆమెయందు దోషము వెదకుట అజ్ఞానము. తనయందే దోషము వెదకికొని ఆమె కుములుట అనవసరమైన శిక్ష.

లక్షణములను స్పష్టముగా చెప్పెదను. తల్లులు వీనిని జ్ఞప్తియందుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. నెల తప్పిన కొలది వారములకు పొత్తికడుపున, తరచుగా ఒక ప్రక్కన, నొప్పి మొదలగును. కొంచెము కొంచెముగా నల్లని రక్తము కనబడును. దీనిని చూచి ఆలస్యముగా వచ్చిన బహిష్టు అని భ్రమపడుట కద్దు. నాళము చిట్లినచో కడుపున ఆకస్మికమైన తీవ్రవేదనయు, కన్నులు తిరుగుటయు, చెమటలు పోయుటయు, మూర్ఛయు కలుగును. కొందరికి భుజాగ్రమున నొప్పి వచ్చును. కడుపులో చేరిన రక్తము ఉదరవితానమును తాకుటచే, ఆ నాడీమార్గమున నొప్పి భుజమునందు తోచును. బయటికి వచ్చు రక్తము కొంచెమేయైనను లోపల కారునది శేరులకొలది యుండవచ్చును. ఇదియే ఈ వ్యాధియందలి మోసము. అజీర్తి యనియు, గాలినొప్పి యనియు, మందుల దుకాణమున మాత్ర తెచ్చి మ్రింగించి రాత్రి గడపుదమనియు అనుకొను ఇంట ఆ రాత్రియే ప్రాణము పోవచ్చును. ఇస్కపల్లి ఉప్పుమడుల దరినుండి గాని, రొయ్యల గుంటల నడుమనున్న పాలెమునుండి గాని బయలుదేరి కావలికో నెల్లూరికో చేరవలసినవారికి ప్రతి గడియయు విలువైనది. 108కి ఫోను చేయుటకు అట్టి సమయమున ఎవ్వరి యనుమతియు అక్కరలేదు.

వెయ్యేండ్ల క్రిందటనే అరబ్బు శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ ఇట్టి గర్భమును వర్ణించియున్నను, దానిని చూచి వైద్యుడు చేయగలిగినది పంతొమ్మిదవ శతాబ్ది చివరివరకును స్వల్పమే. 1883లో ఇంగ్లండునందలి బర్మింగుహామున లాసన్ టైట్ అను శస్త్రవైద్యుడు చిట్లిన నాళమును కట్టి తొలగించి యొక రోగిణిని బ్రతికించెను. ఆ దినమునుండి ఈ వ్యాధి మరణశిక్ష కాక చికిత్సకు లొంగునదైనది. ఆ సంవత్సరముననే అమెరికానుండి అన్నా సారా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరు చేరినది. పరపురుషుని చేత నాడి చూపించుకొనుటకైనను సమ్మతింపని నాటి తెలుగు స్త్రీలకు ఆమె ఇంటింటికి తిరిగి వైద్యము చేసి, 1898లో స్త్రీలకొక ఆసుపత్రిని నిలిపినది. శస్త్రము కనిపెట్టబడినంత మాత్రమున చాలదు. స్త్రీ తన బాధను సిగ్గుపడక చెప్పుకొనగల చెవియొకటి దగ్గరలో ఉండవలెను. ఈ రెండును కలిసినప్పుడే ప్రాణము నిలుచును.

ఇప్పుడు సుబ్బారావుగారి కథకు వత్తును. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు భారతదేశమునకు వచ్చి, బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలు తీవ్రమైన పాండురోగముచే మరణించుటకు కారణమరసినది. కాలేయసారముచేతను, చవుకగా దొరకు ఈస్టు సారముచేతను ఆ రోగము కుదురుట గమనించి 1931లో ప్రకటించినది. ఆ సారమందలి గుణము ఏ పదార్థముదని లోకము వెదకుచుండగా, స్ప్రూ అను వ్యాధిచే తన సోదరులు మరణించుట చూచిన సుబ్బారావుగారు తాము నడపిన లెడర్లీ పరిశోధనాలయమున సహచరులను కూర్చుకొని, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపరచిరి. బొంబాయి మిల్లుస్త్రీల పాండురోగమును కుదిర్చిన ద్రవ్యమే ఆయన సోదరులను బలిగొన్న రోగమునకును మందైనది. 1991లో బ్రిటిషు వైద్యపరిశోధనామండలి వెలువరించిన పరీక్షాఫలితమువలన, గర్భమునకు ముందునుండియే ఈ మాత్రను సేవించినచో, పూర్వము వెన్నుపాము లోపము గల బిడ్డను కన్న తల్లులకు మరల అట్టి లోపముతో బిడ్డ పుట్టుట నూటికి డెబ్బది రెండు వంతులు తగ్గునని తేలినది.

పెరుగు కణములకు ఫోలిక్ ఆమ్లము ప్రాణాధారమైనచో, దానిని పోలియుండియు దాని పని చేయని పదార్థమును సృష్టించి దుష్టకణములను మోసగింపవచ్చును గదా యని ఆ పరిశోధనాలయముననే ఆలోచన సాగినది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు అట్లు పుట్టినవే. బోస్టనులోని సిడ్నీ ఫార్బరు అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సరుతో బాధపడు పసివారికిచ్చి, కొంతకాలమైనను వ్యాధి వెనుదీయుటను 1948 జూనులో ప్రకటించెను. తరువాతి ఆగస్టుననే సుబ్బారావుగారు గతించిరి. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు, గర్భపు మాయకణములనుండి పుట్టు క్యాన్సరును మెథోట్రెక్సేట్ కుదుర్చుట చూపిరి. మాయకణములపై దాని ప్రభావము తెలిసిన పిదప, తావు తప్పిన గర్భపు మాయను కూడ అది కరగింపగలదా యను ప్రశ్న సహజముగా ఉదయించినది. 1982లో జపానునందు టనాకా మొదలగు వైద్యులు ఆ విధముగా చికిత్స చేసి కృతార్థులైరి. భీమవరపు బిడ్డ గతించి ముప్పదియేండ్లు దాటిన పిదప, ఆయన తలపోయనైనను లేని రోగిణులకు ఆయన బుద్ధిబలము రక్షయైనది.

ఈ మందు అందరికిని పనికిరాదు. నాళము చిట్లియుండరాదు; రోగిణి రక్తపోటు నిలకడగా ఉండవలెను; స్కానింగునందు పిండహృదయస్పందనము కానరాకుండుట మేలు; హెచ్.సి.జి. అను హార్మోను మితిమీరియుండరాదు. సూదిమందు ఇచ్చిన తరువాత నాలుగవ దినమునను, ఏడవ దినమునను, ఆపై వారమువారము రక్తపరీక్ష జరిపించి, ఆ హార్మోను పూర్తిగా పోవువరకు వేచియుండవలెను. మరల మరల రాజాలని దూరపు రోగిణికి శస్త్రచికిత్సయే క్షేమమని వైద్యులు చెప్పుట ఇందువలననే. ఇంకొక సూక్ష్మము: మెథోట్రెక్సేట్ తీసికొన్న స్త్రీ, అది పనిచేయుచున్నంతకాలము ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మానవలెను, ఏలయన ఆ రెండును పరస్పరవిరోధులు. కనీసము మూడు మాసములు గర్భము రాకుండ చూచుకొని, పిదప మరల సంతానము కోరినప్పుడు అదే మాత్రను తిరిగి ఆరంభింపవలెను. ఒకే పరిశోధనాలయమున పుట్టిన రెండు మందులును ఒకే స్త్రీ జీవితమున ఒకదాని వెనుక నొకటి వచ్చి, ఒకటి ఆమె ప్రాణమును, మరియొకటి రానున్న బిడ్డను కాపాడుచున్నవి. సుబ్బారావుగారికి ఇంతకన్న గొప్ప స్మారకచిహ్నమును శిల్పులు చెక్కజాలరు.

సంతాన చికిత్సను గూర్చి చెప్పవలసియున్నది. గాజుపాత్రలో రూపొందించిన పిండమును గర్భాశయముననే ప్రవేశపెట్టుదురు గనుక, ఐ.వి.ఎఫ్. చికిత్సలో నాళగర్భభయము లేదని యనేకులు తలంతురు. చరిత్రయే దీనిని ఖండించుచున్నది. స్టెప్టో, ఎడ్వర్డ్స్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు నర్సు జీన్ పర్డీ సహకారముతో అనేకసంవత్సరములు శ్రమించి, గాజుపాత్రలో రూపొందిన పిండముతో తొలిసారిగా సాధించి 1976లో ప్రకటించిన గర్భము నాళమునందు నిలిచినదే! దానిని తొలగింపవలసివచ్చినది. అటుపిమ్మట రెండేండ్లకు, 1978 జూలై 25న, నాళములు మూసుకొనిపోయిన తల్లికి లూయీస్ బ్రౌన్ జన్మించినది. గర్భాశయమున విడిచిన పిండము నాటుకొనకమున్ను కొన్ని దినములు కదలాడుచునే యుండును. అది నాళములోనికి తిరిగిపోవచ్చును. మొదటినుండియు చెడిన నాళమే ఆమెను చికిత్సకు తెచ్చినదైనచో ప్రమాదము మరింత అధికము. సహజగర్భములలో ముప్పదివేలకొకటిగా చెప్పబడు మరొక వింత, గర్భాశయమున ఒక బిడ్డయు నాళమున మరొకటియు ఒక్కసారి నిలుచుట, ఈ చికిత్సానంతరము అంత అరుదు కాదు. కావున స్కానింగునందు గర్భాశయమున బిడ్డ కనబడినను, నొప్పి ఉన్నచో నాళములను కూడ పరీక్షింపవలెను. ఒక పర్యాయమున ఒకే పిండమును ప్రవేశపెట్టు నేటి పద్ధతి ఈ భయమును తగ్గించుచున్నది. నీరు నిండి ఉబ్బిన నాళమును ముందుగా తొలగించుటయో కట్టివేయుటయో చేసినచో ఐ.వి.ఎఫ్. ఫలించు అవకాశము పెరుగును.

మన దేశమున ఈ విద్యకు ఆద్యుడైన కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయను కూడ స్మరింపవలెను. ఆయన కృషిచే 1978 అక్టోబరు 3న బిడ్డ పుట్టినను ప్రభుత్వము నియమించిన విచారణసంఘము నమ్మలేదు. అవమానభారమున 1981లో ఆయన ప్రాణత్యాగము చేసికొనెను. 1986లో బొంబాయియందు వైద్యురాలు ఇందిరా హిందుజాతో కలిసి ఈ విద్యలో విజయము సాధించిన శాస్త్రజ్ఞుడు ఆనందకుమార్, తరువాత ముఖోపాధ్యాయ వ్రాతలను స్వయముగా పరిశీలించి, ప్రథమస్థానము తనకు గాక ఆయనకే చెందునని 1997లో ప్రకటించుట విజ్ఞానలోకమున ఉదాత్తమైన ఘట్టము.

మన రాష్ట్రమునకు ప్రత్యేకమైన విషయమొకటి కలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితస్త్రీలలో సుమారు 70 శాతము మంది పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుకొన్నవారే. నాడు దేశమున ఇంత అధికశాతము మరెచ్చటను కానరాలేదు. వారిలో అనేకులు ఇరువదియైదేండ్లు నిండకమున్నె చేయించుకొన్నవారు. ఆపరేషను తరువాత గర్భము వచ్చుట మిక్కిలి అరుదు. కాని వచ్చినచో, మూడింట ఒకటి నాళగర్భము కావచ్చును. ఆపరేషనైనదను ధైర్యముచే ఆ స్త్రీయు, ఆమె మాట విని వైద్యులును ఈ సందేహమునే విడుతురు. బిడ్డను కోల్పోయిన తల్లులు కొందరు కట్టిన నాళములను తిరిగి కలిపించుకొనుటయు కలదు. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరమును కూడ తాకినప్పటి దుఃఖము ఈ పాలెములవారికి నేను చెప్పనక్కరలేదు. నాడు తమిళనాట బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు అచటి ప్రభుత్వము ఈ శస్త్రచికిత్సను ఉచితముగా చేయించినది. కలిపిన నాళమున మచ్చ మిగులును గనుక, అట్టి తల్లి తిరిగి గర్భవతియైనప్పుడు తొలి వారములలోనే స్కానింగు చేయించుట తప్పనిసరి. యౌవనమునందే ఈ ఆపరేషనునకు తొందరపెట్టు మన యాచారమునే పునరాలోచింపవలెనని నా దృఢాభిప్రాయము. పురుషులకు చేయు వేసెక్టమీ ఇంతకన్న సులభమైనదియు నిరపాయకరమైనదియు నయ్యును, మన పురుషులు దానికి మొగము చాటువేయుచున్నారు.

సంతానము లేకుండుటను స్త్రీ తలకే అంటగట్టు దురాచారము కూడ ఇట్టిదే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము ఆరుగురు పెద్దలలో ఒకరు జీవితమున ఎప్పుడో ఈ బాధ ననుభవింతురు. దాదాపు సగము జంటలలో పురుషునియందును కారణముండును. అయినను వీర్యపరీక్ష యను సులభమైన పనిని చివరకు వదలి, స్త్రీకి సంవత్సరములు మందులు వాడించుట చూచుచున్నాము. శుభకార్యములకు పిలువక, ఎదురు వచ్చినదని మొగము చిట్లించి, గొడ్రాలను మాట నొక యావజ్జీవశిక్షగా విధించు ఇండ్లలో, నొప్పి వచ్చినను ఆమె పెదవి విప్పదు; ఎంతో కాలమునకు నిలిచిన గర్భము పోయినదందురేమో యను భయమే ఆమె నోరు కట్టివేయును. ఈ భయమువలన పోయిన ప్రాణములకు సమాజము బాధ్యత వహింపవలెను.

2021నాటి సంతానసాంకేతిక చికిత్సల చట్టము, స్త్రీకి యాబది, పురుషునకు యాబదియైదు సంవత్సరముల వయఃపరిమితిని విధించి, చికిత్సాకేంద్రములన్నియు నమోదు కావలెనని శాసించినది. దానికి రెండేండ్లు ముందు, గుంటూరున డెబ్బది దాటిన యొక వృద్ధురాలు కవలలను ప్రసవించుట పత్రికలయందు వింతగా ప్రకటింపబడినది. సంతానము లేని లోటు మన స్త్రీని ఎంతదూరము తరుముచున్నదో అది తెలుపుచున్నది. చికిత్సకు పోవు దంపతులు ఆ కేంద్రము నమోదు పత్రమును చూడవలెను. ఎన్ని పిండములను ప్రవేశపెట్టుదురో, నొప్పి వచ్చినచో నడిరాత్రి ఎవరికి ఫోను చేయవలెనో ముందుగానే వ్రాయించుకొనవలెను. డబ్బు కట్టించుకొనునప్పటి శ్రద్ధ ఆ రాత్రియు ఉండవలెనని నిస్సంకోచముగా అడుగుడు.

నాళగర్భమును కోల్పోయిన తల్లి దుఃఖమును మనము లెక్కింపము. కొలది వారముల గర్భమే గదా యందుము. ఆమె బిడ్డను కోల్పోయినది, మరణద్వారమును చూచి వచ్చినది, ఒక నాళమును పోగొట్టుకొన్నది. ఈ మూడును ఒకే వారమున జరిగినవి. బిడ్డను చంపుకొంటినని కుమిలిపోవు తల్లులకు ఈ వేదికనుండి చెప్పుచున్నాను: నాళమున నిలిచిన పిండమును గర్భాశయమునకు మార్చగల విద్య ప్రపంచమున లేదు, అది బ్రతికి బిడ్డయగు త్రోవ లేదు, దానిని తొలగించుట తల్లిని కాపాడుటయే. ఇందు పాపమన్న మాటకు తావు లేదు. ఆమెకు విశ్రాంతినిచ్చి, ఇనుము గల ఆహారము పెట్టి, ఆమె ఏడ్చినప్పుడు ప్రక్కన కూర్చుండుట ఇంటివారి ధర్మము.

ఆశ విడువవలసిన పనియు లేదు. ఒక నాళము తీసివేసినను రెండవది ఆరోగ్యముగా ఉన్నచో సగమునకు పైగా స్త్రీలు తిరిగి గర్భాశయమున గర్భము ధరించుచున్నారు. మరల నాళమున నిలుచు భయము నూటికి పదిమందికి ఉండును గనుక, తరువాతి గర్భమున నెల తప్పిన పదిపదునైదు దినములలోపలనే స్కానింగును, అవసరమైనచో హెచ్.సి.జి. పరీక్షను చేయింపవలెను. ఆశా కార్యకర్తలు తమ పుస్తకములలో ఇట్టి తల్లుల పేర్లయెదుట గుర్తు పెట్టుకొని, నెల తప్పిన వారముననే వారి యింటికి పోవలెను. అత్తలు కోడండ్రతో, నొప్పి వచ్చినచో ఏ వేళనైనను నన్ను లేపుమని చెప్పవలెను. స్కానింగునకు తోడు పోవలసినవారు భర్తలే. సంతానము ఇద్దరిది గనుక ఆ యెదురుచూపును, దాని భయమును, ఫలితము వినవలసిన గడియయు ఇద్దరివి కావలెను.